పికున్ కాసిన పందేలు, కుట్టిన లాగూలు

పికున్ మొట్టమొదటిసారి బాక్సింగ్ స్టేడియంలోకి అడుగుపెట్టింది మొగుణ్ణి చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చుకురావడానికి.

మొగుడు థవిన్ బాంకాక్‌లో టుక్‌టుక్ ఆటో తోలేవాడు. మనిషి మంచివాడే. తాగడు, చెయ్యెత్తడు, పసిపిల్ల ఏడిస్తే ముందు లేచేది అతనే. కానీ పొద్దుటినుంచి ఎండలో బండి తోలి సంపాదించింది సాయంత్రానికల్లా స్టేడియంలో మూడో తరగతి మెట్ల మీద ఊడ్చిపెట్టి వచ్చేవాడు. అదీ ఒక పద్ధతి ప్రకారం. రింగులో తన జిల్లా బురీరాం కుర్రాడుంటే వాడి మీద కాస్తాడు. లేకపోతే సురిన్ కుర్రాడి మీద కాస్తాడు, పక్క జిల్లాయే కదా అని. ఎదుటివాడు ఎంతటివాడన్నది అతనికి అనవసరం.

ఆ రోజు బియ్యం డబ్బాలో దాచిన నోట్లు కూడా పట్టుకెళ్లాడు. పికున్ షర్టుల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. షిఫ్టు దిగి ఇంటికొచ్చి, డబ్బా మూత తీసి చూసి, పిల్లని పక్కింట్లో దింపి, నేరుగా స్టేడియానికి వచ్చేసింది.

లోపల సన్నాయి, డోళ్లు, మర్దన నూనె ఘాటు. ఇనుప వల వెనకాల ఎత్తయిన మెట్ల మీద ఇసుక వేస్తే రాలనంతమంది మగాళ్లు. అందరి చేతులూ గాల్లో ఉన్నాయి. వేళ్లు ముడుస్తూ, విప్పుతూ, ఆ చివరి మనిషితో ఈ చివరి మనిషి బేరాలాడుతున్నాడు. కాగితం లేదు, రసీదు లేదు. కళ్లు కలిసి తలాడిస్తే పందెం ఖాయమైనట్టే.

థవిన్ దొరికాడు. పికున్ చొక్కా పట్టుకుంది.

"ఒక్క రౌండు ఆగవే. మనవాడు గెలుస్తున్నాడు."

"మనవాడెవడు?"

"ఎర్ర లాగూ. బురీరాం."

పికున్ రింగుకేసి చూసింది. ఆమె నాన్న ఊళ్లో జాతరల్లో బాక్సింగ్ రింగు కట్టి, తాళ్లు బిగించేవాడు. చిన్నప్పటినుంచీ ఆ తాళ్ల పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు వలుచుకుంటూ వందల పోట్లాటలు చూసింది. ఆ బాక్సింగ్‌లో పిడికిళ్లే కాదు, కాళ్లు, మోకాళ్లు, మోచేతులు కూడా ఆడతాయి. ఎర్ర లాగూ కుర్రాడు గాలిలో అందంగా కాళ్లు విసురుతున్నాడు. విసిరిన ప్రతిసారీ జనం హోరెత్తుతున్నారు. నీలం లాగూవాడు మాత్రం తొందరపడకుండా వాడి తొడ మీద ఒకేచోట తన్నుకుంటూ పోతున్నాడు.

"మనవాడి కాలు అయిపోయింది, చూడు. నేలమీద పెట్టినప్పుడు మడమ ఆనించట్లేదు," అంది.

"ఊరుకో. ఇంతమంది అరుస్తున్నారు, వాళ్లకి తెలీదా?"

పికున్ చుట్టూ చూసింది. ఆ మగాళ్లలో సగం మంది రింగు వైపు చూడటమే లేదు. ఒకళ్ల వేళ్లు ఒకళ్లు చూసుకుంటున్నారు. పక్కవాడు అరిస్తే వీడు అరుస్తున్నాడు, వీడు అరిచాడని ఇంకొకడు. ఎర్ర లాగూ ధర చూస్తుండగానే పెరిగిపోయింది. నాలుగో రౌండులో ఎర్ర లాగూవాడు ఆ కాలు మీద నిలబడలేక కూలిపోయాడు. బియ్యం డబ్బాతో సహా థవిన్ కూడా కూలిపోయాడు.

తిరుగుదారిలో వెనక సీట్లో కూర్చుని పికున్ వేళ్లు ముడుస్తూ విప్పుతూ ఏదో లెక్కపెట్టుకుంటోంది. థవిన్‌కి తిట్లకంటే ఆ వేళ్లు చూస్తేనే ఎక్కువ భయం వేసింది.

"తిట్టవేం?" అన్నాడు.

"ఆలోచిస్తున్నా. ఆదివారం నాకు సెలవు. మళ్లీ తీసుకురా. నువ్వు మాత్రం బయట బండి దగ్గరే ఉండు."

అలా మొదలైంది.

మొదట చాలా వారాలు ఆమె చెయ్యెత్తలేదు. పొట్లం వేరుశెనక్కాయలు కొనుక్కుని, మెట్ల మీద ఒక మూల కూర్చుని, ఫలానా పోటీలో ధర ఎప్పుడు ఎటు పోయిందో, చివరికి ఎవడు గెలిచాడో మనసులో పెట్టుకునేది. మూడో తరగతిలో ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మాట విసరకుండా ఎవరూ ఊరుకోరు.

"అక్కా, శెనక్కాయలు తినడానికి ఇక్కడిదాకా ఎందుకు? ఆ టికెట్టు డబ్బు పెడితే ఇంకో గంపెడొచ్చేవిగా."

"నీ అరుపులు వింటూ తింటే రుచి తమ్ముడూ. నువ్వు ఓడినప్పుడైతే ఉప్పు కూడా అక్కర్లేదు."

ఆమెకి బోధపడింది ఒకటే. ఎవడు గెలుస్తాడో చెప్పడం ఎవరికీ చేతకాదు, తనకీ చేతకాదు. కానీ జనం ఊగిపోయినప్పుడు ధర తప్పుతుంది. గెలవడానికి సగం సగం అవకాశమున్నవాణ్ణి చచ్చినవాడి కింద జమకట్టి, ఒకటికి ఐదు ఇస్తామని అరుస్తారు. ఆ క్షణంలోనే చెయ్యెత్తాలి. మిగతా అప్పుడంతా శెనక్కాయలు తినాలి. ఐదుసార్లలో మూడుసార్లు ఓడినా, మిగతా రెండుసార్లు వచ్చింది నష్టాలన్నీ మింగి ఇంకా మిగులుతుంది.

పందెం డబ్బుకి ఒక బిస్కెట్ల డబ్బా వేరే పెట్టింది. అందులోంచి ఒకసారికి గుప్పెడుకి మించి తీయదు. ఇంటి డబ్బు అందులోకి పోదు. థవిన్ చెయ్యి అసలే పోదు.

"మన ఊరివాడి మీద ఎప్పుడూ కాయవేం?" అని అడిగాడొకసారి, నిష్ఠూరంగా.

"మన ఊరి మీద నీకున్న ప్రేమకి ఇప్పటిదాకా అయిన ఖర్చుతో మన ఊరికి రోడ్డేయించొచ్చు," అంది పికున్.

అన్ని రోజులూ ఒక్కలా లేవు. ఒక వానాకాలమంతా ఆమె ఏం కాసినా ఎదురు తన్నింది. డబ్బా అడుగు కనబడింది. ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతూ ఏడ్చిన రోజులున్నాయి. నా కళ్లే తప్పా, ఇదంతా థవిన్‌ది లాంటి పిచ్చేనా, కాకపోతే కాస్త నెమ్మదైన పిచ్చా అని అనుమానం పట్టుకుంది. అయినా గుప్పెడు గుప్పెడే అయింది తప్ప, పోయింది ఒక్కసారిగా రాబట్టుకుందామని రెండు గుప్పిళ్లు తీయలేదు. వానలు వెనకబట్టాక కలాథోంగ్ అనే పొట్టి కుర్రాడు, అందరూ వదిలేసినవాడు, చివరి రౌండులో గెలిచి డబ్బా నింపాడు. ఆ డబ్బుతో పికున్ పాత జపాను కుట్టు మిషనొకటి కొనేసింది. డబ్బు డబ్బాలో ఉంటే మనసు పాడవుతుంది, ఇనుమైతే ఎవరూ పందెం కాయలేరు అనుకుంది. ఆ మిషనుకి కలాథోంగ్ అనే పేరు పెట్టింది. చుట్టుపక్కల వాళ్లకి లుంగీలు, స్కూలు యూనిఫారాలు కుట్టేది.

తర్వాత కొన్నాళ్లకి ఆమెకి బాగా కలిసొచ్చిన సంగతి ఒకటి జరిగింది. కలిసొచ్చిందని ఆ రోజు మాత్రం అనిపించలేదు.

చలూమ్ మాస్టారనే పెద్దాయన ఊరి చివర చిన్న శిక్షణ శిబిరం నడిపేవాడు. ఆయన శిష్యుడొకడి మీద పికున్ ఒకటికి నాలుగు ధరలో కాసింది. కుర్రాడు చక్కగా ఆడుతున్నాడు. గెలిచేశాడనుకుంటుండగా, కాలెత్తి తన్నబోతే వాడి లాగూ తొడల మధ్య కుట్టు పర్రున విడిపోయింది. స్టేడియమంతా నవ్వు. కుర్రాడు సిగ్గుతో ఒక చెయ్యి కిందికి దించాడు. అదే అదనుగా ఎదుటివాడి పాదం వచ్చి దవడకి తగిలింది.

పోటీ అయ్యాక పికున్ బాక్సర్ల గదుల దాకా వెళ్లి మాస్టార్ని పిలిచింది.

"ఆ లాగూ ఒకసారి చూపించండి."

"నవ్వడానికొచ్చావా అమ్మా?"

"నవ్వేదాన్నే. నా డబ్బు పోకపోయుంటే."

మాస్టారు తెచ్చిచ్చాడు. పికున్ దాన్ని తిరగేసి చూసింది. ఒంటి కుట్టు, పల్చటి దారం, తొడల దగ్గర గుడ్డ ఒక అంగుళం తక్కువ. "ఎవరు కుట్టారో గానీ మీవాడికంటే గట్టిదెబ్బ నాకే కొట్టారు. వాడి కొలతలివ్వండి. నేను కుట్టి ఇస్తాను. ఊరికే."

"ఊరికే ఎందుకు?"

"ఈసారి వాడి మీద కాసినప్పుడు నేను రింగు చూడాలా, లాగూ చూడాలా?"

మాస్టారు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. కొలతలిచ్చాడు. పికున్ శాటిన్ గుడ్డతో, తొడల మధ్య అదనపు ముక్క వేసి, జంట కుట్టు మీద మళ్లీ కుట్టు వేసి, నడుముకి వెడల్పాటి ఎలాస్టిక్ పెట్టి, ముందువైపు కుర్రాడి పేరు బంగారు రంగు గుడ్డతో కత్తిరించి అతికించి కుట్టింది. దాన్ని వేసుకుని ఆ కుర్రాడు అద్దం ముందునుంచి కదల్లేదు. నెల తిరక్కుండా శిబిరమంతటికీ కావాలన్నారు. తర్వాత పక్క శిబిరం, ఆ తర్వాత ఇంకొకటి. పికున్ ఫ్యాక్టరీ మానేసింది.

గుడ్డ ఫాహురత్ బజారులో కిర్పాల్ సింగ్ అనే సర్దార్జీ కొట్టులో కొనేది. ఆమె ప్రతి వారం వచ్చి ఉన్న డబ్బుకి సరిపడా కొలిపించుకుని పోతుంటే ఆయన ఉండబట్టలేకపోయాడు.

"ఇలా ముక్కలు ముక్కలుగా ఎన్నాళ్లు కొంటావ్ అక్కా? తాను మొత్తం తీసుకుపో. డబ్బు తర్వాత ఇద్దువుగానిలే."

"తర్వాత అనే మాట మా ఆయన నోట చాలా విన్నాను బాబూ. ఎనిమిది మీటర్లు కొయ్యి."

అరువు తీసుకోలేదు, వడ్డీవాళ్ల గడప తొక్కలేదు. లాగూల మీద వచ్చింది గుడ్డకి, ఇంటికి సరిపోయేది. కొత్త మిషను కావాలంటే మాత్రం స్టేడియంలోంచి రావాల్సిందే. ఒక పందెం మిషనైంది, ఇంకొకటి అంచులు కుట్టే ఓవర్‌లాక్ అయింది. ప్రతిదానికీ దాన్ని గెలిచిపెట్టినవాడి పేరే. కుట్టుపనికి కుదిరిన ఆడవాళ్లు "ఈ కలాథోంగ్‌గాడు పొద్దుటినుంచి దారం తెంపుతున్నాడు, వీడి పళ్లూడగొట్టండి" అని తిట్టుకుంటుంటే, దారినపోయేవాళ్లు లోపలెవరో కుర్రాణ్ణి కొడుతున్నారని ఆగి చూసేవారు.

గెలిచేవాళ్లకి పేరొస్తే పందేల్లో అది మంచిది కాదు. మూడో తరగతిలో ఆమెని గమనించడం మొదలుపెట్టారు. ఆమె చెయ్యెత్తితే చాలు, అందరూ అటే చేతులెత్తేవారు. ధర క్షణంలో మాయమయ్యేది. అందరికంటే ఎక్కువ గమనించింది గువాంగ్. ఆయన బియ్యం మిల్లులున్న చీనా షావుకారు. పెద్దన్న అనే అర్థంలో అందరూ హియా అని పిలిచేవారు. రెండో తరగతి కటకటాల దగ్గర నిలబడి ఆయన వేలు కదిపితే స్టేడియంలో ధర కదిలేది.

ఒకనాడు పోటీలు మొదలవకముందే మనిషిని పంపి పిలిపించాడు. ఎదురుగా ఐసు వేసిన టీ పెట్టించాడు.

"అమ్మాయ్, నీ కన్ను మంచిది. నాకు చెప్పు, నేను కాస్తాను. వచ్చినదాంట్లో నీ వాటా నీకు. పోతే నాది. నువ్వు విడిగా చెయ్యెత్తక్కర్లేదు."

"పోతే మీదే అన్నారు. బాగుంది. వస్తే ఎంతొచ్చిందో నాకెలా తెలుస్తుంది హియా?"

"నేను చెప్తాగా."

"కళ్లు అద్దెకిచ్చే అలవాటు లేదండీ. టీకి మాత్రం దణ్ణం."

గువాంగ్ కోప్పడలేదు. గ్లాసులో ఐసు తిప్పుకుంటూ తలాడించాడు. మరుసటి వారంనుంచి పికున్ చెయ్యెత్తితే ఎవరూ ఆమె వైపు చూడలేదు. పైన తిరిగే ఫ్యాన్లు చూశారు, చెప్పులు చూసుకున్నారు. రోజూ వరసలు కలిపినవాళ్లు కూడా మొహం తిప్పుకున్నారు. ఒక ముసలాయన మాత్రం పక్కనుంచి పోతూ గొణిగాడు: "నీతో పందెం కట్టినవాడితో హియా మళ్లీ పందెం కట్టడట తల్లీ. మేమేం చేస్తాం?"

వారాలు గడిచాయి. ఆమె టికెట్టు కొనుక్కుని వచ్చి, శెనక్కాయలు తిని, ఒక్క పందెమూ లేకుండా వెళ్లిపోయేది. తప్పిన ధరలు కళ్లముందే వచ్చి పోతుంటే ఒళ్లు మండేది. అదే సమయంలో స్టేడియం వెనక వీధిలో ఒక మూడంతస్తుల దుకాణం ఇల్లు అమ్మకానికొచ్చింది. కింద కొట్టు, పైన మిషన్లు, ఆ పైన కాపురం. పికున్ రోజూ దాని ముందునుంచే నడిచేది. బయానాకి సరిపడా సొమ్ము లాగూల మీద చేరాలంటే పిల్ల పెళ్లీడుకొస్తుంది.

ఒకరోజు అన్నం తింటూ థవిన్ మామూలుగా అన్నాడు: "నన్నయితే ఎవరూ కాదనరు. నేను మెట్లెక్కగానే కుర్చీ వేసినంత పని చేస్తారు."

పికున్ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

నిజమే. స్టేడియం మొత్తంలో థవిన్ అంత పేరుమోసిన ఓటమి మనిషి ఇంకొకడు లేడు. పెళ్లాం బిస్కెట్ల డబ్బా పెట్టినప్పటినుంచీ అతను చెయ్యెత్తడం బాగా తగ్గించుకున్నాడు గానీ, ఆ పేరు మాత్రం చెక్కుచెదరలేదు. అతని డబ్బంటే గాలికి రాలిన మామిడికాయే, ఎవరైనా వంగి తీసుకుంటారు.

"నేను చెప్పినవాడి మీద కాస్తావా?"

"కాస్తా."

"బురీరాంవాడికి ఎదురుగా అయినా?"

థవిన్ గిన్నె పక్కకి జరిపాడు. "నీకోసం ఎండలో ఇరవై గంటలైనా బండి తోలతాను. ఇది మాత్రం పెద్ద కోరికే," అన్నాడు.

ఆ రోజుల్లో బురీరాం మొత్తానికి గర్వకారణం హిన్‌ఖావ్ అనే బాక్సరు. దక్షిణాదినుంచి వచ్చిన లోమ్‌నావ్‌తో అతనికి పోటీ ఖాయమైంది. హిన్‌ఖావ్ లాగూలు కుట్టేది పికునే. పోటీకి కొద్దిరోజుల ముందు అతని శిబిరంనుంచి కబురొచ్చింది, కొత్త లాగూ నడుము దగ్గర రెండు వేళ్లు వదులు చెయ్యమని. పోటీ బరువు మాత్రం పాతదే. అంటే ఒళ్లు పెరిగిన కుర్రాడు తూకం నాటికి ఒంట్లో నీళ్లన్నీ చెమటగా పిండుకోవాలి. లాగూ ఇవ్వడానికి తూకం రోజు పొద్దున్న వెళితే, హిన్‌ఖావ్ మండే ఎండలో ప్లాస్టిక్ కోటు తొడుక్కుని పరిగెడుతున్నాడు. పెదాలు చిట్లి ఉన్నాయి. ఆమెని చూసి నవ్వబోయి, నొప్పికి మొహం చిట్లించాడు. ఆ కుర్రాణ్ణి చూసి ఆమెకి జాలేసింది. కొలతలమ్మాయిగా తెలిసింది పందెం మనిషిగా వాడుకోవచ్చా అని దారి పొడుగునా మనసు పీకింది. ఎవరికీ చెప్పలేదు, థవిన్‌కి కూడా.

"మొత్తం డబ్బా పెట్టేద్దామా?" అన్నాడు థవిన్ ఆ సాయంత్రం, ఊపొచ్చి.

"మొత్తం పెట్టేసినవాళ్లు ఎక్కడున్నారో చూశావా? బయట టికెట్టు లేక గోడకి చెవి ఆనించుకుని ఉన్నారు. రెండు గుప్పిళ్లు. ఇంతవరకూ ఎప్పుడూ తీయలేదు, ఇదే ఎక్కువ. నేను శెనక్కాయల పొట్లం మడిచి ఒళ్లో పెట్టుకునేదాకా చెయ్యెత్తకు."

మొదటి రెండు రౌండ్లూ ఇద్దరూ ఒకళ్లనొకళ్లు తడిమి చూసుకున్నారు. మూడో రౌండులో హిన్‌ఖావ్ విరుచుకుపడ్డాడు. లోమ్‌నావ్ పక్కటెముకల మీద వరసగా తన్నులు, తర్వాత మోచేత్తో ఒకటి. లోమ్‌నావ్ మోకాలి మీద కూలబడి లేచాడు. స్టేడియం దద్దరిల్లిపోయింది. బురీరాంవాళ్లంతా గంతులేస్తున్నారు. లోమ్‌నావ్ మీద ధర ఒకటికి ఐదు, ఆరు, ఏడు. పికున్ కదల్లేదు. గంట కొట్టాక హిన్‌ఖావ్ తన మూలకి నడిచిన తీరు చూసింది. తాడు పట్టుకుని కూర్చున్నాడు. అవతల లోమ్‌నావ్ మోచేత్తో తగిలిన గాయానికి నూనె రాయించుకుంటూ స్థిమితంగా ఊపిరి పీలుస్తున్నాడు.

ఆమె పొట్లం మడిచి ఒళ్లో పెట్టుకుంది.

పై మెట్ల మీద థవిన్ చెయ్యి లేచింది. "నీలం. లోమ్‌నావ్ మీద."

చుట్టూ నవ్వులు.

"ఒరే, థవిన్ ఊరు మారిపోయాడ్రా."

"ఏరా, మీ హిన్‌ఖావ్ గెలుస్తుంటే చూడలేకపోతున్నావా?"

"ఇన్నేళ్లూ మావాళ్లు నా కొంప ముంచారు," అన్నాడు థవిన్. అందులో నటన లేదు. "ఇవాళ వాళ్ల కొంప నేను ముంచుతా. ఎవరు పడతారు?"

నాలుగువైపులనుంచీ వేళ్లు లేచాయి. కింద రెండో తరగతిలో గువాంగ్ కూడా తలెత్తి చూసి, చిరునవ్వుతో వేళ్లు విప్పి ఏడు చూపించాడు. అందరికంటే పెద్ద పందెం ఆయనదే. థవిన్ తలాడించి కళ్లు మూసుకున్నాడు.

నాలుగో రౌండు మొదలవుతూనే హిన్‌ఖావ్ మళ్లీ ముందుకొచ్చాడు. తన్ను విసిరాడు. తగిలింది గానీ అందులో పస లేదు. లోమ్‌నావ్ ఆ కాలు పట్టి తోసేశాడు. హిన్‌ఖావ్ లేవగానే మళ్లీ తోసేశాడు. ఈసారి లేవడానికి కాస్త టైము పట్టింది. అరుపులు పలచబడ్డాయి. లోమ్‌నావ్ అతని మెడ పట్టి కౌగిలించుకున్నట్టు దగ్గరికి లాక్కుని మోకాళ్లతో పొడవడం మొదలుపెట్టాడు. ధర ఏడునుంచి మూడుకి, మూడునుంచి సమానానికి జారిపోయింది. ఐదో రౌండులో హిన్‌ఖావ్ చేతులు పైకి లేవలేదు. నిలబడి దెబ్బలు తిన్నాడు, కింద మాత్రం పడలేదు. రెఫరీ నీలం చెయ్యి ఎత్తాడు.

థవిన్ ఏడుస్తున్నాడు. పక్కవాళ్లు డబ్బు చేతిలో పెడుతూ భుజం తట్టారు. "గెలిస్తే కూడా ఏడుస్తావేంట్రా?" అన్నారు. తన ఊరివాడి కోసం ఏడుస్తున్నాడో, జీవితంలో మొదటిసారి ఇంత గెలిచినందుకో అతనికే తెలియదు.

గువాంగ్ మనిషిని పంపలేదు. తనే మెట్లెక్కి పైకొచ్చాడు. జనం దారి వదిలారు. నోట్ల కట్టలు థవిన్ ముందు పెట్టాడు. థవిన్ వాటిని అలవాటు లేని చేతుల్తో తీసుకుని, ఒక్కటీ తీయకుండా, అటునుంచి అటే నాలుగు మెట్లు దిగి పికున్ ఒళ్లో పెట్టాడు. గువాంగ్ చూపు ఆ డబ్బు వెంటే పోయి పికున్ మొహం మీద ఆగింది.

"చెయ్యి మీ ఆయనది," అన్నాడు గువాంగ్.

"అవునండీ. ఆయన చేతిని కాదనమని మీరెవరికీ చెప్పలేదు."

గువాంగ్ థవిన్ వైపు తిరిగాడు. "ఇన్నేళ్లు ఓడి ఓడి నువ్వు దాచుకున్న ఆస్తి ఇదన్నమాట," అని భుజం మీద చెయ్యేసి, మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆయన పక్కకి తిరిగాక మూడో తరగతి మొత్తం ఒక్కసారి నవ్వింది. శెనక్కాయలమ్మే ముసలామె తన గంపలోంచి ఒక పొట్లం తీసి పికున్‌కి ఊరికే ఇచ్చింది.

మర్నాడు పికున్ చలూమ్ మాస్టారి దగ్గరికి వెళ్లి నడుము సంగతంతా చెప్పేసింది.

"తప్పంటారా?"

మాస్టారు పొగాకు చుట్టుకుంటూ ఆలోచించాడు. "దొంగతనం కాదు. కానీ ఈ సంగతి పదిమందికీ తెలిస్తే ఏ శిబిరమూ నీకు కొలతలివ్వదు."

"అందుకే. ఇకమీదట నా లాగూ వేసుకున్నవాడి మీద కాయను. వాడికి ఎదురుగానూ కాయను."

"అలాగైతే నీకు కాయడానికి ఎవరూ మిగలరే పిచ్చిదానా."

"మిగలకపోతే వ్యాపారం బాగున్నట్టే కదండీ."

హిన్‌ఖావ్‌కి మాత్రం ఆమె వండిన కోడిపులుసు గిన్నెతో వెళ్లి, పెద్ద బరువులోకి మారమని కూర్చోబెట్టి చెప్పి వచ్చింది. వాళ్ల శిబిరం పెద్దలకి అప్పటికే బుద్ధొచ్చింది. ఆ బరువులో అతను మళ్లీ చాలా పోటీలు గెలిచాడు. అన్నిటికీ థవిన్ వెళ్లాడు, చేతులు జేబులో పెట్టుకుని, గొంతు పోయేలా అరిచాడు.

దుకాణం ఇల్లు కొన్నారు. కింద గాజు అద్దాల వెనక ఎర్రవి, నీలాలు, పులిచారలవి, డ్రాగన్లవి లాగూలు వేలాడదీశారు. పై అంతస్తులో మిషన్ల చప్పుడు వీధి చివరిదాకా వినబడేది. జపాన్‌నుంచి ఒకాయన వచ్చి ఒక పెట్టె కొని, మళ్లీ నెలకి పది పెట్టెలు కావాలని ఉత్తరం రాశాడు. హాలెండునుంచి ఒక ఆడమనిషి తనే బాక్సరునని చెప్పి తన కొలతలు తనే ఇచ్చుకుంది. థవిన్ టుక్‌టుక్ వెనకసీటు తీసేయించి సరుకు మోసే బండిగా మార్చాడు. కిర్పాల్ సింగ్ ఇప్పుడు తాన్లు మొత్తంగా పంపిస్తున్నాడు. డబ్బు మాత్రం ఆమె బండి దగ్గరే లెక్కపెట్టి ఇస్తుంది. శిబిరాలు ఒక్కొక్కటే ఆమె దగ్గరికి వచ్చి చేరుతుంటే పందేలు తగ్గిపోయాయి. మాస్టారన్నట్టే, ఒక ఆదివారం పోటీల కాగితంలో ఉన్న పేర్లన్నీ చదివి చూస్తే ఆమె కొలవని నడుము ఒక్కటీ లేదు. ఆ సాయంత్రం మొగుడూ పెళ్లాలిద్దరూ రెండో తరగతి టికెట్లు కొనుక్కుని, వేయించిన కోడీ జిగురన్నం పొట్లాలతో, పనేమీ లేనివాళ్లలా కూర్చుని చూశారు.

ఒకరోజు మధ్యాహ్నం కొట్టు ముందు కారాగింది. గువాంగ్ దిగాడు. కాస్త వంగాడు, చేతికర్ర వచ్చింది. పక్కన ఒక పొడుగాటి కుర్రాడు.

"నేను పెంచుతున్నవాడు," అన్నాడు. "మంచి లాగూ కుట్టు."

పికున్ టేపు మెడలోంచి తీసి కొలతలు తీసుకుంది. గువాంగ్ కొట్టంతా కలయజూశాడు. ఒక మూల కొయ్య బొమ్మకి తొడిగిన ముదురాకుపచ్చ లాగూ మీద పేరు చదివాడు. వచ్చే నెల ఆయన కుర్రాడు తలపడబోయేది ఆ పేరున్నవాడితోనే.

"వాడి నడుమెంత?" అన్నాడు, గోడకేసి చూస్తూ, వాతావరణం గురించి అడిగినట్టు.

"శాటిన్ మీటరెంతో అడగండి హియా, చెప్తాను."

గువాంగ్ కర్రమీద రెండు చేతులూ ఆనించి, గొంతులోపలే నవ్వుకున్నాడు. కుర్రాడు అయోమయంగా ఇద్దరివైపూ చూశాడు.

"సరే. ఒకటి కాదు, డజను కుట్టు. డబ్బు ముందే ఇచ్చేస్తాను."

"ముందే ఇవ్వాలి. ఇక్కడ అందరికీ అదే పద్ధతి," అంది పికున్, రంగుల గుడ్డముక్కల కట్ట ఆయన ముందు పరుస్తూ. "ఏ రంగు కావాలో మీవాణ్ణే ఎంచుకోమనండి. వేసుకునేది వాడు."